ఏదుపంది దాచిన ముక్క

అనగనగా అంటున్నాను, ఊఁ కొట్టండి. మధ్యలో లేచారంటే మళ్లీ చెప్పను.

ఒక అడవిలో గుచ్చయ్య అనే ఏదుపంది ఉండేవాడు. ఒంటినిండా ముళ్లు. ఎవరూ దగ్గరికి వచ్చేవారు కారు. "దూరం, దూరం! చర్మం చీరేస్తాడు" అని కుందేళ్లు ఎగతాళి చేసేవి.

పాపం, ఏం చేస్తాడు? ఆలోచించి ఒక ఆట కట్టాడు. బెరడు మీద బొమ్మ గీసి ముక్కలు చేశాడు. సగం ముక్కలు ఒకరికి, సగం మరొకరికి. "నెమలి తోక నీ దగ్గరుందా?" అని ఎదుటివారిని అడిగి తెచ్చుకుంటేనే బొమ్మ పూర్తయ్యేది. ఆడినవారు పిడికెడు గింజలు ఇచ్చేవారు. జోడీ లేకుండా వచ్చినవారికి గుచ్చయ్యే జోడీ. అసలు అందుకోసమే అతడు ఆ ఆట కట్టింది.

ఒకనాడు బేరయ్య అనే ముంగిస వచ్చాడు.

"మామా, ఇంత మంచి ఆట పెట్టుకుని పిడికెడు గింజలా? ఒకరిని అడగడం ఎవరికిష్టం? ఏ ముక్క కావాలంటే ఆ ముక్క నువ్వే అమ్ము."

అమ్మాడు. గింజలు బుట్టెడయ్యాయి.

బేరయ్య మళ్లీ వచ్చాడు. "ఇక ఇద్దరెందుకు మామా? ముక్కలన్నీ ఒక్కరికే ఇచ్చి ఇంటికి పంపు. ఇంటికో ఆట అమ్ముడుపోతుంది."

పంపాడు. గింజలు గాదెడయ్యాయి. గుచ్చయ్య ముంగిట అలికిడి తగ్గింది.

మూడోసారి వచ్చి చెవిలో చెప్పాడు. "ప్రతి ఆటలో ఒక ముక్క దాచెయ్. చివరిదాకా వచ్చి ఆగిపోయినవాడు, ముక్క తనే పోగొట్టుకున్నాననుకుని ఎంతైనా ఇస్తాడు."

ఇది దొంగతనం కాదటర్రా? వ్యాపారమని పేరు పెడితే సరిపోతుందా? గుచ్చయ్యకూ తెలుసు. తెలిసే దాచాడు.

వానాకాలం వచ్చింది. బొరియ నిండా గింజలు. పలకరించేవారే లేరు. ఒక ఆట ముందేసుకున్నాడు. తను గీసిన బొమ్మలో తనకు తెలియనిదేముంది? విసుగొచ్చి కుందేలు ఇంటికి వెళ్లాడు.

"ఒక్క ఆట ఆడదామా?"

"నీతోనా? ముక్క కావాలంటే గింజలు పంపుతాంగా. మధ్యలో నువ్వెందుకు?"

కుందేలు లోపలికి వెళ్లిపోయింది. గుచ్చయ్య తడుస్తూ తిరుగుముఖం పట్టాడు. దారిలో ఒక బండ కింద ముసలి తాబేలు నీలవ్వ ఆట ముందు కూర్చుని ఉంది. బొమ్మలో ఒక్క చోటు ఖాళీ.

"ఎండాకాలం నుంచి దీనితోనే కుస్తీ నాయనా. చివరి ముక్క ఎక్కడ పెట్టి మరిచిపోయానో, ఎంత వెతికినా దొరకదు. మళ్లీ కొనడానికి గింజల్లేవు. మనవలు నవ్వుతున్నారు. నా బుర్ర మొద్దుబారిపోయింది."

గుచ్చయ్య ముళ్లన్నీ వాలిపోయాయి. ఆ ముక్క గుట్టుగా తెచ్చి పడేసి, "ఇదిగో, ఇక్కడే ఉంది" అనవచ్చు. అనలేదు.

"నీ బుర్రకేం కాలేదవ్వా. ముక్క నేనే దాచాను. అందరివీ దాచాను."

"సిగ్గులేదురా నీకు? నాకు మతి పోయిందని ఎన్నాళ్లు ఏడ్చానో తెలుసా?"

"తిట్టవ్వా."

"తిడతాను. తిట్టడం అయ్యేదాకా కదలకు, కూర్చో."

మర్నాడు గుచ్చయ్య ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పి, ఎవరి ముక్క వారికిచ్చాడు. కొందరు ముక్కలు మొహాన కొట్టారు. బేరయ్య పిచ్చివాడని నవ్వి, మరో అడవికి పోయాడు. ఆ వానాకాలమంతా గుచ్చయ్యతో ఆడటానికి వచ్చింది నీలవ్వ ఒక్కతే. వచ్చినప్పుడల్లా తిట్టేది, తిట్టినంతసేపూ ఆడేది.

తోడు కోసం కట్టిన ఆటలో మోసం కలిపితే గాదె నిండుతుంది గానీ పక్కచోటు ఖాళీ అవుతుంది. తప్పు ఒప్పుకున్నవాడి పక్కన ఒక్కరైనా వచ్చి కూర్చుంటారు.