అద్దాల గదిలో గృహప్రవేశం

చలిదేశపు వర్తకుడెవడో వచ్చి, తమ దొరలు అద్దాల గదిలో కూర్చుని ఎండ కాచుకుంటారని మన రాజుగారికి చెప్పిపోయాడు. ఇంకేముంది, సముద్రం వైపు మేడకి ఆనించి అలాంటిదే కట్టమని తాపీపని సన్యాసమ్మకి హుకుం.

"మన ఎండకి ఉడికిపోతారు బాబయ్యా. గాలివానొస్తే అద్దమన్నది మిగలదు," అంది సన్యాసమ్మ.

"నీ సలహా ఎవడడిగాడు? ఒక్క అద్దం పగిలినా నీ ఇల్లు కూలదోయిస్తాను. లోపల పొయ్యి కూడా పెట్టకూడదు, మసి పడుతుంది."

చిత్తమని కట్టేసింది. రోహిణి కార్తెలో గృహప్రవేశం. పాలు పొంగేదాకా యజమాని గడప దాటి బయటికి రాకూడదన్నాడు పురోహితుడు. పొయ్యి లేదు కనక ఎండకే పొంగాలి. రాజుగారు పట్టుబట్టల్లో, కిరీటంతో సహా పాలగిన్నె ముందు కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నానికి పాలు విరిగాయి గానీ పొంగలేదు. రాజుగారి మొహం కాల్చిన వంకాయలా అయింది.

"పొయ్యి తెమ్మంటారా బాబయ్యా?" బయటినుంచి అడిగింది సన్యాసమ్మ.

"పొయ్యిలోనే ఉన్నాను గదే. ముందు ఈ అద్దాలు పీకు."

"పీకితే పగులుతాయి. నా ఇల్లు పోతుంది."

"నీ కొంప ఎవడికి కావాలి? పగిలితే పగలనీ, నేను చెబుతున్నాను."

"అందరూ విన్నారుగా," అని గృహప్రవేశానికొచ్చిన జనం వైపు చూసి సుత్తి అందుకుంది.

అద్దాల చోట వట్టివేళ్ళ తడికలు కట్టింది. కార్తీకంలో తుఫాను రాగానే వాటిని విప్పి లోపల దాచింది.

"చూశారా, అంత తుఫానుకీ ఒక్క అద్దం పగల్లేదు," అని రాజుగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటారు. సన్యాసమ్మ ఏనాడూ కాదనలేదు.