గిన్నె మూత

బ్యాండు మేస్త్రి ఏసోబుని ఏదైనా అడిగితే ఆ పూట జవాబు రాదు. అడిగినవాడు ఎదురుగా కూర్చుని ఉండగానే ట్రంపెట్టు ఒళ్లో పెట్టుకుని, మీటలు ఒక్కొక్కటే ఊడదీసి, గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి మళ్లీ బిగిస్తాడు. ఆ పని అయ్యేదాకా ఓపిగ్గా కూర్చున్నవాడికి రెండోరోజో మూడోరోజో ఏదో ఒకటి చూపిస్తాడు. మధ్యలో లేచిపోయినవాడి పేరు గుర్తు పెట్టుకుంటాడు. ఆయన చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది గాని, అలా లేచిపోయినవాళ్ల పేర్లు ముప్పై ఏళ్లవి వరస తప్పకుండా ఆయన నోటికే ఉన్నాయి.

అందులో పై వరసలో పేరు దస్తగిరిది. బిట్రగుంట రైలు కాలనీలో మేస్త్రి దగ్గర ఆరేళ్లు నేర్చుకుని, మూడు పెళ్లి ముహూర్తాలకు వాయిస్తానని ఒప్పుకుని ఉండగా, చెప్పాపెట్టకుండా మద్రాసు వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లకు ఒక పొద్దున తిరిగొచ్చి, అరుగు కింద చెప్పులు విడిచి, చంకలోని తోలుపెట్టె తెరిచాడు. లోపల ముఖమలు గుడ్డలో ఐదు మూతలున్నాయి.

మూత అంటే ట్రంపెట్టు నోట్లో దూర్చి దాని గొంతు తగ్గించేది. రైల్వే ఇన్‌స్టిట్యూటులో దొరల డాన్సులకు బ్యాండు నడిపిన ఆంగ్లో ఇండియన్ దొర ఒకాయన దాన్ని మ్యూట్ అనేవాడు. కుర్రతనంలో ఏసోబు చెవికి అది మూత అని వినపడింది. చూస్తే మూతలాగే ఉంది, చేసేదీ మూత పనే. ఇంక వేరే పేరెందుకు? ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లంతా మూత అనే అన్నారు. ఆ దొర తనకు విద్య నేర్పాడు గాని ఒక్కనాడూ కుర్చీ వేయలేదని ఏసోబుకి కోపం. దొర పోయి ఇరవై ఏళ్లయింది. కోపం పోలేదు.

"మద్రాసులో ఒక పెద్ద హోటలు వాళ్లు పాతకాలం జాజ్ బ్యాండు పెడుతున్నారు మేస్త్రీ. ఆదివారం నాకు పరీక్ష. నాకంటే ముందు పోయిన ఇద్దర్నీ వెనక్కి పంపారు. పాత రికార్డుల్లో ఉంటదే ఒక గొంతు, గీతలు పడ్డ ప్లేట్లో నుంచి ఎక్కడో దూరంగా వచ్చినట్టు, అది కావాలంట. ఐదూ వాయించి చూశా. అన్నిట్లోనూ వస్తన్నట్టే ఉంటది, ఏ దాంట్లోనూ రాదు. ఏ మూత పెడితే వస్తది?"

మేస్త్రి మొదటి మీట ఊడదీశాడు.

"తొమ్మిదేళ్లకి గుర్తొచ్చానా?"

"తప్పయింది మేస్త్రీ."

"తప్పేముందబ్బయ్యా. ఆ మూడు ముహూర్తాలకీ నీ బదులు తిమోతి వాయించాడు. నీకంటే బాగా వాయించాడు. నువ్వు పోబట్టే వాడు దొరికాడు నాకు."

దస్తగిరి తల దించుకున్నాడు గాని లేవలేదు. మూడో మీట ఇంకా బిగించకముందే తిమోతి వాళ్ల అన్న పరంజ్యోతి గేటు తోసుకుని వచ్చాడు. రైలు షెడ్డులో ముప్పై ఏళ్లు బాయిలర్లకు రివెట్లు కొట్టినవాడు, పక్కనున్న మనిషితో కూడా పెద్దగా మాట్లాడటం అతని అలవాటు. అప్పుడూ అలాగే అన్నాడు.

"ఏసోబన్నా, తిమోతి పోయినాడు."

తిమోతి పెళ్లాం సలోమికి కాన్పయి రెండు రోజులు. ఆడపిల్ల. కాన్పులో ఫిట్సు వచ్చాయి, ఇంకా బీపీ దిగలేదు. మందులకని తిమోతి నిన్న సాయంత్రం మోపెడ్డు మీద కావలి పోతుంటే లారీ కొట్టేసింది. మధ్యాహ్నానికి శవం నెల్లూరు నుంచి నేరుగా చర్చి గుడికి వస్తుంది. సలోమి ఇంట్లోనే మంచం మీద ఉంది గనక అక్కడికి తీసుకుపోయే వీల్లేదు. మూడు రోజులదాకా ఆ పిల్లకి ఏ కబురూ చెప్పొద్దని, చెబితే మళ్లీ ఫిట్సు వస్తాయనీ, ఈసారి వస్తే మనిషి దక్కదనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"నీ మేళంతో ఒంగోలు పెళ్లికి పోయినాడు, ఎల్లుండి వస్తాడని చెప్పినామన్నా. అది నమ్మింది. అందుకని బ్యాండు వద్దు. సమాధుల దొడ్డికి ఆ ఇంటి ముందు దారి తప్ప వేరే దారి లేదు గదా. చప్పుడు లేకుండా తీసకపోదాం."

మేస్త్రి మీట బిగించి లేచాడు.

"నా మేళంలో రెండో బాకా వాయించినవాడు మూగశవంలాగా పోవాలా? కావలి బ్యాండువాళ్లు నవ్వరా? నేను వాయిస్తా. ఆ ఇంటి గోడ దాటి ఒక్క స్వరం లోపలికి పోదు. డోళ్లు ఉండవు, క్లారినెట్లు ఉండవు, నేనొక్కణ్ణే."

"వద్దన్నా, ఆ పిల్ల..."

"ఏం పరంజ్యోతీ, ఏసోబుకి మెల్లగా వాయించడం చాతగాదనా?"

తమ్ముడు పోయిన మనిషి. వాదించే ఓపిక అతనికి లేదు. మేస్త్రి దస్తగిరి వైపు తిరిగాడు.

"పెట్టె పట్టుకొని రా. ఏ మూత అని అడిగావు గదా."

గుడి ఆవరణలో, శవం రాకముందు, మూతలు ఎంచడం మొదలైంది. దారి నుంచి సలోమి పడుకున్న కిటికీకి నలభై అడుగులు. మేస్త్రి గుడి వెనక గోడ దగ్గర్నుంచి నలభై అడుగులు తానే కొలిచి, పరంజ్యోతిని గోడ అవతల నిలబెట్టి, "వినపడితే చెయ్యి పైకెత్తు. గోడ మీద నీ వేళ్లు కనపడాల" అన్నాడు. శవం కోసం వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చుని ఇదంతా చూస్తున్నారు.

గరాటులా ఉన్న అల్యూమినియం మూత మొదట. నాలుగు స్వరాలకే గోడ మీద వేళ్లు లేచాయి.

"జలుబు చేసిన ముసలాడి ముక్కు ఇది. తియ్."

మధ్యలో గొట్టం ఉన్నది రెండోది. సీసాలో పడ్డ తుమ్మెదలాగా జివ్వుమంది. వేళ్లు లేచాయి. మూడోది తూము శుభ్రం చేసే రబ్బరు కప్పు, కర్ర పీకేసింది. చేత్తో మూస్తూ తెరుస్తూ వాయిస్తే మాట్లాడినట్టే ఉంటుంది. మేస్త్రి దాన్ని నోటికి ఆనించను కూడా లేదు. "నోరున్న మూత. ఈ పనికి పనికిరాదు" అన్నాడు. నాలుగోది మెత్తటి టోపీ, అది పై స్వరాల దగ్గర చేతులెత్తేసింది. ఐదోది గిన్నె మూత. గరాటు చివర గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. వాయించి చూసి, ఆగి, భుజం మీది తుండు అంచు చించి, గుడి తలారి దగ్గర సూదీ దారం అడిగి తెప్పించి, గిన్నె అంచు చుట్టూ ఆ గుడ్డ కుట్టాడు. కుట్టు వంకర పోయిందని ఒకసారి విప్పి మళ్లీ కుట్టాడు. తరవాత తాను కట్టిన శవయాత్ర వరస మొదటి నుంచి చివరిదాకా వాయించాడు.

గోడ మీద వేళ్లు లేవలేదు.

"విన్నావా పరంజ్యోతీ?"

"మొదలుపెట్టావా అన్నా?" అన్నాడు అవతల నుంచి పరంజ్యోతి.

ఆ క్షణాన ఏసోబుకి సంతోషం వేసింది. నలభై ఏళ్ల సాధకం ఎందుకో అప్పుడు తెలిసినట్టయింది. శవం వ్యాను గేటు దగ్గర ఆగిన చప్పుడు కూడా ఆయన వెంటనే పట్టించుకోలేదు.

మూడు గంటలకు శవపెట్టె లేచింది. డోళ్లవాళ్లు డోళ్లు చంకలో పెట్టుకుని నడిచారు. చనిపోయిన బ్యాండువాడి వాయిద్యాన్ని ఎవరూ ఊదకుండా పెట్టె ముందు మోసుకుపోవడం వాళ్ల ఆచారం. తిమోతి ట్రంపెట్టును రెండు చేతుల మీదా పట్టుకుని దస్తగిరి నడిచాడు. అతని ముందు మేస్త్రి. ఆ కాలనీలో ఇంతవరకూ ఏ శవమూ మూత పెట్టిన బాకాతో పోలేదు. పసివాళ్ల శవాలు కూడా డోళ్లతో, నోరు తెరిచిన బాకాలతోనే పోయాయి.

రైలు డ్రైవర్ల ఇళ్ల లైను మొదట్లోకి వచ్చేసరికి మేస్త్రి ఊపిరి ఇంకా సన్నం చేశాడు. పక్కన నడిచేవాళ్లకే సరిగా వినపడటంలేదు. సలోమి ఇంటి కిటికీ ఓరగా వేసి ఉంది. ఆ ఇంటికి ఎదురుగా రావడానికి ఇంకా పది అడుగులు ఉండగా కిటికీలోంచి ఆడగొంతు వినపడింది. నీరసంగా ఉంది. కాని అందులో నవ్వుంది.

"పెద్దమ్మా, తలుపు తియ్యవే. ఆయనొచ్చేశాడు."

"ఎవరూ రాలేదు, పడుకో తల్లీ" అంది లోపల కూర్చున్న ఎలీసమ్మ.

"ఊరుకోవే, ఆయన సాధకం నాకు తెలీదా! రాత్రి డూటీ డ్రైవర్లు పగలు పడుకుంటారని మూత పెట్టుకునే గదా వాయిస్తాడు. అదుగో, ఆ గిన్నె మూతే."

ఏసోబు ఊదుతూనే కిటికీ వైపు చూశాడు. ఆ లైనులో ఇల్లు తీసుకున్నప్పుడు, పగటి పూట మూత లేకుండా వాయించొద్దని తిమోతికి ఆ అలవాటు పెట్టింది తానే. పొద్దుటి నుంచీ ఒక్కసారన్నా గుర్తు రాలేదు. నలభై అడుగుల అవతల నిలబెట్టింది బాయిలర్లు కొట్టి మొద్దుబారిన చెవుల్ని అని కూడా అప్పుడే తోచింది. ఆపేద్దామా అనుకున్నాడు. చప్పున ఆపితే అదొక రకంగా తెలిసిపోతుంది. ఆపలేదు.

కిటికీలో నవ్వు ఆగింది.

"కాదే. ఆయన అంత పొడుగు లాగలేడు. ఇది మేస్త్రి మామ ఊపిరి." గొంతు కొంచెం పెరిగింది. "మామ ఇక్కడే ఉన్నాడా? ఒంగోలు పోయినారంటిరే? మరి ఆయనేడీ?"

"నువ్వు పడుకోవే, నీ కాళ్లు పట్టుకుంటా."

"ఇది శవాల వరస. శవానికి మామ ఎప్పుడూ మూత పెట్టడే." మంచం కిర్రుమంది. "ఎవరికి వినపడకూడదని పెట్టాడు పెద్దమ్మా?"

సలోమి అరిచింది. ఆ అరుపుకి మూత లేదు. దారి మీది మనుషులందరూ పెట్టెతో సహా ఆగిపోయారు. పెట్టె రైలు గేటు దాటకముందే ఫిట్సు వచ్చాయి. నెల్లూరు తీసుకుపోయారు. మూడోరోజు పొద్దున సలోమి చనిపోయింది.

ఆమె పెట్టె కూడా అదే దారిన పోయింది. పరంజ్యోతి బ్యాండుకి చెప్పలేదు. చెప్పకపోయినా మేస్త్రి ఉతికిన యూనిఫారం వేసుకుని, ట్రంపెట్టు లేకుండా, రైలు గేటు అవతల నిలబడ్డాడు. పసిపిల్లను ఎత్తుకుని ఎలీసమ్మ ఆయన ముందు నుంచే పోయింది, తల తిప్పలేదు. పరంజ్యోతి చూశాడు. చూసి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"పోన్నా. ఇంటికి పో."

అది శనివారం. ఆ సాయంత్రమే దస్తగిరి మద్రాసు పాసింజరుకి స్టేషనుకొచ్చాడు. తోలుపెట్టెలో నాలుగు మూతలే ఉన్నాయి. ఐదో దాని చోటు ఖాళీగా ఉంది. అడగడానికి నోరు రాక అలాగే బయల్దేరాడు. బండి వచ్చే వేళకి మేస్త్రి ప్లాట్‌ఫారం చివర నుంచి నడిచి వచ్చాడు. అడిగినవాడికి జవాబు చెప్పకుండా పంపడం ఆయనకు లేదు. ఆయన నోటికి ఉన్న పేర్ల వరసలో ఆ వారం పైకెక్కిన పేరు తనదేనని ఆయన ఎవరితోనూ అనలేదు.

జేబులోంచి గిన్నె మూత తీసి దస్తగిరి చేతిలో పెట్టాడు. అంచున తుండు గుడ్డ ఇంకా కుట్టే ఉంది. దస్తగిరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రేపటి పరీక్ష గుర్తొచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"అంటే ఇదేనా మేస్త్రీ, ఆ పాత గొంతుకి?"

బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. మేస్త్రి ఆ చప్పుడు తగ్గేదాకా ఆగాడు.

"ఎవరికి వినపడకూడదో ముందు చెప్పబ్బయ్యా. మూత నేను ఎంచి పెడతా."