రేలచెట్టు నీడలో మాంత్రికుడి చిలక

మబ్బులు మనుషులతో కబుర్లాడే కాలంలో వాలుకాపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతలుండే కరాళుడనే మాంత్రికుడు ఆ దేశపు మబ్బులన్నిటినీ పట్టుకుపోయి గుహలో బంధించాడు. ఏడేళ్ళు చినుకు లేదు.

మబ్బుల్ని విడిపించుకొస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నవాడు మణికేతుడు బయలుదేరాడు. ఒక ముసలి తాబేలు అతణ్ణి వీపున ఎక్కించుకుని, కూనిరాగం తీస్తూ ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడి కోట పెరడంతా తెల్లటి ఎండ. అందులో రెండు రాతిబొమ్మలు. అన్నలే!

కరాళుడు నవ్వి, ఒక గింజ చేతిలో పెట్టాడు. "ఇది రేలగింజ. మూడేళ్ళలో ఇక్కడ నీడ పరిచావా, మబ్బులు నీవి. లేదా, నువ్వూ రాయివే."

ఆ కోటలో చెరపడ్డ రాజకుమారి హేమవల్లి మెల్లగా చెప్పింది: "మీ పెద్దన్నగారి గింజ మొలవనే లేదు. రెండో ఆయన పూటపూటకీ నీళ్ళు పోశారు. వేరు కుళ్ళిపోయింది."

"పెంకు గట్టిది నాయనా, రాతిమీద అరగదీసి నానబెట్టు," అంది వెంటే వచ్చిన తాబేలు. "మొక్క నిలదొక్కుకున్నాక వారానికోసారి కడుపునిండా తాగించు. మిగతా రోజులు దాహం వెయ్యనీ. నీళ్ళు వెతుక్కుంటూ వేరు లోతుకు పోతుంది."

మొక్క మొలిచింది. ఆకులు వాలినప్పుడల్లా మణికేతుడి చూపు కడవ మీదికి పోయేది. ఒకనాడు ఆగలేక కడవ ఎత్తాడు. హేమవల్లి అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంకా రెండు రోజులుంది. ఆగండి."

"చచ్చిపోతే?"

"నేనూ మీతోపాటు రాయినవుతాను."

అతను కడవ దించాడు.

మొదటి ఏడు మోకాలెత్తు. రెండో ఏడు తలెత్తు. మూడో ఏడు నడివేసవిలో కొమ్మకొమ్మకూ పసుపుపచ్చని పూలగుత్తులు దిగాయి. కింద చల్లని నీడ. బురుజు మీద ఇనుప పంజరంలో ఎండకు మాడుతున్న చిలక "నన్నూ అక్కడ వేలాడదీయమ్మా" అంటే, హేమవల్లి అలాగే చేసింది.

కరాళుడు మాట తప్పాడు. గొడ్డలితో చెట్టు మీదికొచ్చాడు.

"నీ ప్రాణం నాలోనే ఉందిగా?" అంది చిలక. "ఈ చెట్టు కూలిన రోజు నుంచి గింజ ముట్టను."

గొడ్డలి జారిపోయింది. కరాళుడు వెళ్ళి గుహ తలుపు తీశాడు. మబ్బులు నిద్రలేచిన ఏనుగుల్లా ఒళ్ళు విరుచుకుంటూ తేలిపోయాయి. అన్నలిద్దరూ కళ్ళు నులుముకున్నారు.

అందరూ వాలుకాపురం చేరాక, వానలో తడుస్తూనే మణికేతుడికీ హేమవల్లికీ పెళ్ళయింది. వాళ్ళు నూరేళ్ళు చల్లగా ఏలారు. ఆ దేశంలో కొత్త జంటలు ముందు వాకిట్లో ఒక నీడమొక్క నాటేవారు, ఆ తర్వాతే గడప దాటి లోపలికి వెళ్ళేవారు.