పాలు పోయనివ్వని ముర్రుపాలమ్మ

ప్రతి మంగళవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు పూజారిణి గిడ్డమ్మ ఎసట్లో రాగిపిండి పోసి, తెడ్డుతో కెలకడం మొదలుపెడుతుంది. ఆరున్నరకు సంగటి, పప్పు సిద్ధమవుతాయి. గర్భిణులు వరుసగా కూర్చుంటారు. వారు కడుపునిండా తిని "చాలు" అన్న తర్వాతే అమ్మవారికి నైవేద్యం.

కొండ్రవేముల గుట్ట మీది ముర్రుపాలమ్మకు గోపురం లేదు. మనిషి నడుమెత్తు నల్లని బండ, దానిపై రేకుల కప్పు, అంతే. కొత్తగా వచ్చిన భక్తులు పాలచెంబుతో బండ దగ్గరికి వెళ్తే గిడ్డమ్మ చెయ్యి అడ్డం పెడుతుంది. "ఆయమ్మకు పొయ్యొద్దు నాయనా. అదో, ఆ పాపకియ్యి. ఏడో నెల కడుపుతో ఉండాది" అంటుంది. పాలాభిషేకం ఒప్పుకోని అమ్మవారు ఈ చుట్టుపక్కల మరొకరు లేరు. అందుకు కారణం ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ పశువులు కాచుకునేవారి గుడిసెలు ఇరవై మాత్రమే ఉండేవి. అందులో ఒకదానిలో తిరుపాలు అనే కాపరి, అతని తల్లి ఓబుళమ్మ, భార్య సుంకమ్మ కాపురముండేవారు. సుంకమ్మకు రెండు కాన్పులయ్యాయి. ఒక బిడ్డ మూడో రోజు పోయింది, రెండో బిడ్డ ఐదో రోజు. మూడోసారి నెల తప్పినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ బిడ్డ మాట ఎత్తలేదు. ఉయ్యాల తాడు కూడా కనబడకుండా దాచేశారు.

ఆ గుడిసెల్లో గర్భిణికి సగం ముద్దే పెట్టేవారు. తల్లి పొట్ట నిండితే బిడ్డకు చోటు చాలదని వారి నమ్మకం. కాన్పు కాగానే తల్లికి వచ్చే పసుపుపచ్చని చిక్కటి పాలు, అంటే ముర్రుపాలు, విషమని తలచేవారు. వాటిని ముంతలోకి పిండి, ఎవరూ తొక్కకుండా గుట్ట మీది బండపై పోసేవారు. మూడు రోజులు బిడ్డ నోట్లో ఆముదం చుక్క, బెల్లం నీళ్లు. నాలుగో రోజుకు బతికి ఉన్న బిడ్డకే చనుబాలు. ఓబుళమ్మ ఈ పద్ధతిని పూటైనా తప్పనిచ్చేది కాదు. ఆమె కఠినురాలు కాదు, భయస్తురాలు.

సుంకమ్మకు ఎనిమిదో నెల. ఒక మధ్యాహ్నం తిరుపాలు మందను నీడకు తోలి, ఆ బండకు ఆనుకుని కునుకు తీశాడు. కలలో బండ మీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమె గడ్డం నుంచి మోకాళ్ల దాకా పసుపుపచ్చని పాలు కారి, గడ్డకట్టి ఉన్నాయి. ఒడిలో ఇద్దరు పసివాళ్లు. ఏడవడానికి నోళ్లు తెరుస్తున్నారు గాని శబ్దం రావడం లేదు.

"ఈనిన ఆవు దగ్గరికి దూడను ఎప్పుడు వదులుతావు?" అని ఆమె అడిగింది.

"లేచి నిలబడగానే తల్లీ. ముర్రు తాగని దూడ బతకదు."

"మరి వీళ్ల ముర్రు నా మీద ఎందుకు పోశారు? మూడో బిడ్డకు కూడా ఒడిలో చోటు చూడమంటారా?"

మెలకువ వచ్చేసరికి బండ ఎండకు కాలుతోంది. అతని వీపు మాత్రం తడిసి జిగటగా ఉంది.

తిరుపాలు ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి తన ముద్దలో సగం తల్లి చూడకుండా సుంకమ్మకు పెట్టాడు. నెలలు నిండిన తర్వాత ఒక ఉదయం ఆడపిల్ల పుట్టింది. ఓబుళమ్మ ముంత పట్టుకుని కోడలి పక్కన కూర్చుంది. పురిటింటి గడప మగవాళ్లు తొక్కకూడదు. తిరుపాలు తొక్కాడు.

"ముంత కింద పెట్టమ్మా."

"పోరా అవతలికి! సూడు, సీము మాదిరుండాది. ఈ ఇసం పసిదానికి తాపమంటావా?"

"ఆవుది మాత్రం తెల్లగుంటాదా? జున్ను తినేటప్పుడు నీకు సీము గుర్తుకు రాలేదే!"

"ఆవూ మనిసీ ఒగటేనంట్రా, ఎద్దు మొగమోడా!"

సుంకమ్మ లేవలేకపోయినా బిడ్డను రొమ్ముకు హత్తుకుంది. "ఆకిలికి సచ్చిన బిడ్డలు ఇద్దరు సాలత్తా. ఇది తాగి సస్తే సావనీ."

బిడ్డ గుటక వేసిన చప్పుడు విని ఓబుళమ్మ చెవులు మూసుకుంది.

ఆ తర్వాత ఆమె గడప బయటే కూర్చుంది. బిడ్డ ఏడిస్తే విషమెక్కిందని వణికింది. ఏడవకపోతే ఇంకా వణికింది. మూడో రోజు మధ్యాహ్నం లోపల ఏ సవ్వడీ లేదు. మొదటి బిడ్డ పోయింది సరిగ్గా ఆ పొద్దుకే. ఎవరూ లోపలికి తొంగిచూడలేదు. తిరుపాలు గోడకు ఆనించిన గడ్డపార వైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు. చివరికి ఓబుళమ్మే పాకినట్టుగా లోపలికి వెళ్లి, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది. నిద్రపోతున్న తల్లి పక్కన, కడుపు నిండిన బిడ్డా నిద్రపోతోంది.

ఆ సాయంత్రం ఆమె వెళ్లి ముంతను బండ మీద బోర్లించి వచ్చింది. ఆ తర్వాత మొదటి మంగళవారం సంగటి కుండ తీసుకెళ్లి, ముందు ఒక గర్భిణికి నిండు ముద్ద వడ్డించి, మిగిలినది బండ ముందు పెట్టింది. నాటి నుంచి ఆ బండపై పాలచుక్క పడలేదు. ఒడి ఆకారంలో కనిపించే బండలోని పల్లమే నేటికీ అమ్మవారి రూపం.

ఈ పల్లెల్లో కాన్పయిన ఇంటివారు ఇప్పటికీ గడప పక్కన ఒక ముంత బోర్లిస్తారు. బిడ్డ మొదటి పాలు తాగిందనడానికి అది గుర్తు. ఆశా కార్యకర్తలు బిడ్డల బరువు చూసే కాటాను మంగళవారాల్లో ఈ రేకుల కిందికే తెస్తారు. ముర్రు పారబోయని ఇంట్లో పసిబిడ్డ కేరింత నిలుస్తుందని, గర్భిణికి ముందు వడ్డించిన చేతికి కొరత రాదని భక్తుల నమ్మకం.

కథలో ఇంకొక్క ముక్క ఉంది. ఓబుళమ్మ సంతతే అయిన గిడ్డమ్మ వంశంవారు దాన్ని దాచరు. బిడ్డ పుట్టిన పదకొండో రోజున, పురిటి స్నానం చేయించడానికి వచ్చిన ముసలి మంత్రసాని ఓబుళమ్మకు ఒక సంగతి చెప్పింది. ఓబుళమ్మ ఐదుగురిని కన్నది. దక్కినవాడు తిరుపాలు ఒక్కడే. అతను పుట్టినప్పుడు ఆమె జ్వరంతో మూడు రోజులు ఒళ్లు తెలియక పడి ఉంది. పాలు పిండి పోయమని చెప్పేవారు లేక, మంత్రసాని బిడ్డను ఆమె రొమ్ము పక్కనే పడుకోబెట్టింది. ఆ మూడు రోజులూ వాడు తాగుతూనే ఉన్నాడు.