బుడంకాయను పిలిచిన రోజు

అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు జోగయ్య గారికి లేదు. ఎవరు ఏమడిగినా ఓపిగ్గా విని, తల పంకించి, పెరట్లోకి వెళ్లి వంగమొక్కలకు నీళ్లు పోసుకునేవారు. అడిగినవాడు కొత్తవాడైతే గురువుగారికి చెముడేమోనని అనుమానపడేవాడు. పాతవాళ్లు మాత్రం కాచుకుని ఉండేవారు. జవాబు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనీ, అది తమకు నచ్చేలా ఉండదనీ వాళ్లకు తెలుసు.

ఆయన పెద్ద శిష్యుడు కూర్మనాథం ఒక వానాకాలంలో అడిగిన ప్రశ్న ఇది. ఆశ్రమంలో కొత్తగా చేరిన కుర్రాళ్లను గురువుగారు అతని చేతిలో పెట్టారు. తెల్లవారుతూనే లేపడం, పాఠాలు వల్లె వేయించడం, తప్పులు దిద్దడం అన్నీ అతని పనే. ఎవడు తప్పు చేసినా వాడి పేరు పెట్టి గట్టిగా కేకేసేవాడు. ఆ పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ అతను వసారాలోకి వస్తే కుర్రాళ్లు పెరట్లోకి పోతారు, పెరట్లోకి వస్తే గోశాలలోకి జారుకుంటారు. వాళ్లలో ఒకడు ఇంటికి వెళ్లిపోతానని మూట కూడా కట్టుకున్నాడు. కూర్మనాథానికి కోపం కంటే దిగులే ఎక్కువైంది.

"వాళ్ల మేలు కోరే గదా పిలుస్తున్నాను గురువుగారూ. పిలిస్తే దగ్గరికి రారేం?" అని అడిగాడు. జోగయ్య గారు తల పంకించి వంగమొక్కల దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ రోజుల్లోనే కూర్మనాథం ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. తల్లి లారీ కింద పడి చచ్చిపోతే సంత దగ్గర తుప్పల్లో మూలుగుతూ కనిపించిందట. ఉత్తరీయంలో చుట్టి తెచ్చి, పాలలో దూది ముంచి నోట్లో పిండి బతికించాడు. బుడంకాయంత ఉందని బుడంకాయ అనే పేరు పెట్టాడు. ఇక ఇదే దాని ఇల్లని, ఎవరికీ ఇచ్చేది లేదని గురువుగారిని ఒప్పించుకున్నాడు. నాలుగు కాళ్ల మీద గట్టిగా నిలబడడం వచ్చాక అది తన బుద్ధి చూపించింది. వంట చేసే పైడమ్మ మజ్జిగ ముంత దొర్లించింది. గురువుగారి పావుకోళ్ల మీద పళ్లు పదును పెట్టుకుంది. తులసి మొదలు తవ్విపోసింది, ఆరేసిన పంచెల్ని మట్టిలో ఈడ్చింది. అది ఏ ఘనకార్యం చేసినా "బుడంకాయ్!" అని కూర్మనాథం గొంతు ఆశ్రమమంతా మోగేది. ఆ కేక వెనకే చెవి మెలిపెట్టడం, వీపు మీద ఒక చరుపు. రాత్రి దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని నిమిరేటప్పుడు మాత్రం అతని నోట మాట ఉండేది కాదు. ముద్దు చేయడానికి మొగమాటపడే మనిషి.

ఆశ్రమం పక్కనే కొండల మీంచి దిగే వాగు, ఒక గెడ్డ ఉంది. మామూలు రోజుల్లో అంతా ఇసుక, మధ్యలో చీలమండ లోతు నీరు. ఒక మధ్యాహ్నం బుడంకాయ కూర్మనాథం పంచె కరుచుకుపోయి, గెడ్డ నడుమ బండ మీద కూర్చుని తీరిగ్గా చింపుతోంది. ఇక్కడ చినుకు లేదు గాని పై కొండల మీద పొద్దుటి నుంచీ మబ్బు కమ్మి ఉంది. అంట్లు తోముతున్న పైడమ్మ నీటి రంగు మారడం ముందుగా చూసింది.

"గెడ్డొచ్చేస్తంది బాబూ! కుక్కపిల్ల మధ్యలో ఉండిపోనాది!" అని కేకేసింది.

కూర్మనాథం పరుగున ఒడ్డు దిగాడు. ఎర్రనీరు పుల్లల్నీ నురుగునీ మోసుకొస్తోంది. పై మలుపు అవతల నుంచి బళ్లు దొర్లుతున్నట్టు మోత వినిపిస్తోంది. "బుడంకాయ్! రా!" అని అరిచాడు. అది తలెత్తి చూసింది. చెవులు వాల్చి, తోక కాళ్ల మధ్యకు దూర్చి, పంచె వదిలేసి బండ దిగి, అవతల నీరు పెరుగుతున్న పాయ వైపు పరుగెత్తింది. అతను నీళ్లలోకి దిగి మళ్లీ పిలిచాడు. అది ఇంకా దూరం జరిగింది. గొంతు తగ్గించి బతిమాలాడు. ఎంత తీయగా పిలిచినా దానికి వినిపించేది దెబ్బకు ముందు వచ్చే ఆ పేరే. తన చేత్తో పాలు పట్టి బతికించిన ప్రాణాన్ని తన నోటితోనే నీళ్లలోకి తోస్తున్నానని అతనికి అర్థమైంది. అయినా పిలవకుండా ఉండలేకపోయాడు.

ఈలోగా జోగయ్య గారూ కుర్రాళ్లూ ఒడ్డుకు చేరారు.

"నోరు ముయ్యి కూర్మనాథం. ఇటు తిరిగి నడిచి వచ్చెయ్యి. వెనక్కి చూడకు," అన్నారు గురువుగారు.

"అది చచ్చిపోతుంది గురువుగారూ."

"నువ్వు పిలిస్తే చస్తుంది. నడు."

కూర్మనాథం వెనుదిరిగాడు. నీరు చీలమండ దాటి పిక్కల మీదికి పాకింది. మోత దగ్గరవుతోంది. ఒక్కసారి తిరిగి చూస్తే చాలనిపించింది. కుర్రాళ్ల ముఖాల్లో ఏమైనా తెలుస్తుందేమోనని వెతికాడు. వాళ్లు అతని వెనక ఎక్కడో చూస్తున్నారు. గురువుగారి ముఖంలో ఏమీ లేదు. అతనికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అడుగు మీద అడుగు వేశాడు.

వెనక సన్నగా ఒక మూలుగు వినిపించింది. తనను తరిమేవాడు తనను వదిలేసి పోతున్నాడని దానికి ఇప్పుడు తెలిసినట్టుంది. ఆ తర్వాత నీళ్లలో తపతపలాడే చప్పుడు మొదలైంది. మధ్యలో ఒకసారి ఆగింది. మళ్లీ వినిపించింది. కాసేపటికి అతని పిక్కకు చల్లటి ముక్కు తగిలింది. అప్పుడు కూడా అతను వంగలేదు. పొడి ఇసుక మీదికి చేరాక నిలబడిపోయాడు. కుక్కపిల్ల వణుకుతూ తనంతట తనే అతని పాదాల మీదికి ఎక్కింది. దాన్ని ఎత్తుకుని గట్టెక్కి తిరిగి చూసేసరికి నడుమ బండ లేదు, పంచె లేదు, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రనీరే.

దాన్ని గుండెకు హత్తుకుని పేరు పెట్టి పిలవబోయాడు. ఆ పేరు అతని నోట రాలేదు. "ఇక దీన్ని ఏమని పిలవను గురువుగారూ?" అని అడిగాడు.

జోగయ్య గారు ఈసారి వంగమొక్కల దగ్గరికి వెళ్లలేదు. గట్టున నిలబడ్డ కుర్రాళ్ల వైపు చూశారు.

"కుక్కకు కొత్త పేరు పెట్టుకోవచ్చులే. వీళ్లకు వాళ్ల అమ్మానాన్నలు పెట్టిన పేర్లే గదా ఉన్నాయి," అన్నారు.