రెండు చాపలు

ఇత్సుకికి తన గురువు సంతకం అవసరమైంది.

అతను వీడియో గేములు తయారుచేసేవాడు. సెలవు దొరికినప్పుడల్లా కొండ మీది బౌద్ధ ఆశ్రమానికి వచ్చి, గెన్షో అనే ముసలి భిక్షువు దగ్గర ధ్యానం నేర్చుకునేవాడు. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ కొండ కిందే రెండు సమురాయ్ యోధుల సేనలు ఒకదాన్నొకటి నరుక్కున్నాయి. ఇత్సుకి చేస్తున్న గేము ఆ యుద్ధం మీదే. కవచానికి కట్టే తాడు ముడి దగ్గర్నుంచి కాలి గడ్డిచెప్పు దాకా అన్నీ అప్పటిలాగే ఉండాలని పట్టుబట్టి చేయించాడు.

గొడవంతా పాత్రల దగ్గర వచ్చింది. ఆడేవాళ్లు ఎంచుకునే యోధుల్లో ఒక ఆడమనిషి కూడా ఉండాలని అతనితో పనిచేసే చిఫుయు ఒక పాత్రను తయారుచేసింది. రెండేళ్లు దానికే పెట్టింది. ఇత్సుకి ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్యా మాటలు ముక్తసరి అయిపోయాయి.

"ఆ యుద్ధంలో మగవాళ్లు మాత్రమే పోరాడారని ఆశ్రమం తరఫున రాసి సంతకం చెయ్యండి గురువుగారూ. మీ మాట మీద మా కంపెనీవాళ్లు ఆ పాత్రను తీసేస్తారు. చరిత్ర చరిత్రలాగే ఉంటుంది."

గెన్షో పార, చుట్టిన చాపలు అందుకున్నాడు.

"వానలకి వెనక గుట్ట జారింది. ముందు ఆ పని చూద్దాం, రా."

పొద్దెక్కినా పొగమంచు విడలేదు. గుట్ట ఒక పక్కంతా విరిగిపడి ఉంది. మట్టిలోంచి గుండ్రంగా, తెల్లగా ఏవో బయటికి వచ్చాయి. రాళ్లనుకున్నాడు ఇత్సుకి. దగ్గరికి వెళ్లాక ఒకదానికి పళ్లు కనిపించాయి.

"యుద్ధంలో తెగిన తలలు. అప్పట్లో ఇక్కడ పూడ్చారు. మళ్లీ పూడ్చాలి." గెన్షో రెండు చాపలు పరిచాడు. "నేను తీసిస్తాను. నీ గేములో ఉండాల్సినవాళ్లను ఈ చాప మీద పెట్టు. ఉండకూడనివాళ్లను ఆ చాప మీద పెట్టు."

వేళాకోళమేమో అనుకున్నాడు ఇత్సుకి. గురువు ముఖంలో నవ్వు లేదు.

మొదటిది చేతికొచ్చింది. చల్లగా, తడిగా ఉంది. బొటనవేలితో మట్టి తుడిచాడు. పళ్లు నల్లగా ఉన్నాయి.

ఆ నలుపు సంగతి అతనికి తెలుసు. ఆ రోజుల్లో పెళ్లయిన ఆడవాళ్లు పళ్లకు నల్లరంగు పూసుకునేవారు. రెండో చాప వైపు చెయ్యి చాచాడు. చెయ్యి మధ్యలోనే ఆగింది. పెద్దింటి మగవాళ్లూ పూసుకునేవారు. తెగిన తల గొప్ప యోధుడిదని చూపించుకోవడానికి చచ్చాక కూడా పూసేవారు. ఇదంతా చదివి గేములో పెట్టించింది తనే.

దాన్ని పక్కన గడ్డి మీద ఉంచి ఇంకొకటి అందుకున్నాడు. ఇది చిన్నది. పసివాడిదా? ఆడమనిషిదా? దాన్నీ గడ్డి మీదే పెట్టాడు. ఆ తర్వాతిదాని దవడ వెడల్పుగా ఉంది. మగవాడిదేనని కూడా తేల్చుకోలేకపోయాడు. దగ్గరికి తీసుకుని చూస్తుంటే లోపల్నుంచి సన్నగా ఊపిరి పీల్చిన చప్పుడైంది.

గాలి అనుకున్నాడు. చుట్టూ ఒక్క ఆకు కదలడం లేదు.

వెనక్కి తిరిగాడు. గడ్డి మీద పెట్టిన తలలు రెండూ అతని వైపే తిరిగి ఉన్నాయి.

"గురువుగారూ... నేనిలా పెట్టలేదు."

గెన్షో మట్టి తవ్వడం ఆపలేదు. "నువ్వు ఎటు పొమ్మంటావోనని చూస్తున్నారు."

ఇత్సుకి నేల మీద కూర్చున్నాడు. చాపలు రెండూ ఖాళీగానే ఉన్నాయి. చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఒళ్లో పెట్టుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. చిఫుయు.

"సంతకం దొరికిందా?" ఆమె పొడిపొడిగా అడిగింది. "మధ్యాహ్నంలోగా తేల్చమంటున్నారు. ఆవిణ్ణి తీసెయ్యమంటారా?"

"వద్దు. ఉంచండి."

"ఏమైనా ఆధారం దొరికిందా?"

"లేదు."

"మరి?"

ఇత్సుకి ఒళ్లోని తల వైపు చూశాడు. ఫోన్ అలాగే కింద పెట్టేశాడు.

గెన్షో వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"ఒళ్లో బరువుగా ఉందా?"

"లేదు గురువుగారూ. దీనికి బరువే లేదు."

"ప్రాణం ఉన్నప్పుడు ఉండేది," అన్నాడు గెన్షో.