జీపులో కాపురం పెట్టిన ఎలుకలు

అడిగిన ప్రశ్నకు అడిగిన పూటే జవాబు చెప్పడం వామనాచారి గారికి అలవాటు లేదు. "ముందు పొయ్యి రాజేయండి, తర్వాత చూద్దాం" అనేవారు. ఆ తర్వాత ఎప్పుడో, అడిగినవాడు ఆ సంగతే మరిచిపోయి పప్పన్నం కలుపుకుంటుండగా జవాబు వచ్చేది. ఒక్కోసారి రాకుండానూ పోయేది. వానలు వెనకబట్టాక ఏటా ఇద్దరు ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకుని నల్లమల అంచున, అటవీశాఖ వాళ్లు సరేనన్న చోట, వాగు ఒడ్డున గుడారాలు వేయించి కొన్నాళ్లు ఉండి రావడం ఆయన పద్ధతి. ఆ ఏడు వెంట వెళ్లింది ఇద్దరే. ఒకరు నర్సుగా పనిచేసి రిటైరైన హైమావతమ్మ. రెండోవాడు శరభయ్య, ఏళ్ల తరబడి లారీలు తోలి, ఇప్పుడు అయ్యవారి పాత జీపు నడుపుతున్నవాడు.

గుడారం మేకులు దిగీ దిగకముందే శరభయ్య తన ప్రశ్న అడిగేశాడు. "అయ్యవారూ, నా తమ్ముని మీద కోపం పోవడంల్యా. రోజూ పొద్దున్నే దేవుని ముందర నిలబడి వాణ్ణి మన్నిస్తానే ఉండా. మాపటికి మళ్లా ఎట్లుండేది అట్లే. మన్నించేది నాకు చేతగావడంల్యా, యాడుంది తప్పు?"

ఊరికే అడిగిన ప్రశ్న కాదది. తండ్రి పోయినప్పుడు శరభయ్య లారీతో దూరదేశంలో ఉన్నాడు. పెద్దకొడుకు వచ్చేదాకా ఆగకుండా తమ్ముడు చెన్నకేశవులే తలకొరివి పెట్టేశాడు. అంతటితో అన్నదమ్ముల మధ్య మాటలు బందు. ఇప్పుడా తమ్ముడి కూతురు హరిప్రియకు నంద్యాలలో పెండ్లి. తమ్ముడు ఇంటికొచ్చి పిలిస్తే శరభయ్య పేపరు దించకుండానే "ఊఁ" అన్నాడు. కానీ ఆ పిల్ల ఫోన్ చేసి, "పెదనాన్నా, నువ్వు రాకుంటే నేను పీటల మీద కూర్చోను" అంది. తన భుజాల మీద పెరిగిన పిల్ల. పోకపోతే దాని మనసు విరుగుతుంది. ఈ కోపం కడుపులో పెట్టుకుని పోతే పందిట్లో నోరు జారడం ఖాయం. గుడారాల దగ్గర్నుంచే నేరుగా పెండ్లికి బయల్దేరాలి, ఈలోగా ఈ కోపం సంగతి తేలాలి.

"ముందు పొయ్యి రాజెయ్యి" అన్నారు వామనాచారి గారు.

మర్నాడు వాగు అవతలికి పోదామని తాళం తిప్పితే జీపు కిక్కురుమనలేదు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను పక్కన గడ్డీ గాదం పోగేసి అడవి ఎలుకలు దర్జాగా కాపురం పెట్టాయి. వెచ్చదనానికి వచ్చిన చుట్టాలు వచ్చినట్టుండక వైర్లు కూడా కొరికిపెట్టాయి. శరభయ్య గూడు పీకి పారేసి, వైర్లకు టేపు చుట్టి, వాటి వంశాన్నంతా తిట్టి జీపు నడిపించాడు. తెల్లారేసరికి మళ్లీ గూడు.

ఇక మొదలైంది యుద్ధం. గుడ్డలో కలరా ఉండలు కట్టి వేలాడదీస్తే, వాటిని పక్కకు నెట్టి మరీ పడుకున్నాయి. పొగాకు కాడలు కుక్కితే గూడుకు వాసాలయ్యాయి. పొదల పక్కన ఉండబట్టే వస్తున్నాయని జీపును బోడిబండ మీదికి ఎక్కించాడు, రాత్రంతా బానెట్ ఎత్తి ఉంచాడు, ఏమీ లాభం లేకపోయింది. కారప్పొడి చల్లాడు. ఆ సంగతి మరిచి ఇంజను స్టార్ట్ చేసి తొంగిచూసేసరికి ఫ్యాను గాలికి ఆ కారమంతా తన కళ్లలోకే వచ్చింది.

"ఎలుకలకు ఉప్పూకారం సరిపోయిందా తమ్ముడూ?" అంది హైమావతమ్మ, కళ్లమీద నీళ్లు పోస్తూ.

"నవ్వు అక్కా, నవ్వు. నీ పెండ్లి పాడవుతుందా, నాదా?" అని గసిరాడు. తన పెండ్లి కాదని తర్వాత గుర్తొచ్చింది గానీ, అప్పటికే మాట దాటిపోయింది. ఎలుకల మందు పెడతానంటే వామనాచారి గారు ఒప్పుకోలేదు. "వాటి ఊరికి మనమొచ్చాం, మన ఊరికి అవి రాలేదు" అన్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోగలిగితే ఆ పూట శరభయ్య జీపుకే పెట్టేసేవాడు.

అయినా పూజ మాత్రం మానలేదు. లారీ పట్టినవాడెవడూ బండికి దండం పెట్టకుండా తాళం తిప్పడు. రోజూ తెల్లవారగానే బానెట్ మూసి, పసుపూ కుంకుమా పెట్టి, ముందద్దం కింది అంచున అటుకులూ బెల్లమూ కొబ్బరిముక్కా వినాయకుడికి నైవేద్యం పెట్టి, విఘ్నం తొలగించమని వేడుకునేవాడు. దేవుడికి పెట్టింది తిరిగి తీయకూడదన్నది ఆయన పట్టింపు, అందుకే అక్కడే వదిలేసేవాడు. ఎలుకల బెడద ముదిరేకొద్దీ పిడికెడు అటుకులు దోసెడయ్యాయి.

పెండ్లికి బయల్దేరాల్సిన పొద్దున బానెట్ ఎత్తితే మళ్లీ అదే తంతు. వైర్లు పరపరా కొరికేసి ఉన్నాయి. శరభయ్య ఏమీ తినకుండానే పనికి దిగాడు, సగంలో టేపు నేలకేసి కొట్టి చక్రం పక్కనే కూలబడ్డాడు. "నా వల్ల కాదయ్యవారూ! ఆ పిల్ల వాకిట్లోకి చూస్తా ఉంటాది. ఏం పాపం చేస్తినని నాకీ పీడ?" అన్నాడు.

వామనాచారి గారు వచ్చి, గూడును మెల్లగా రెండు చేతులా ఎత్తి తువ్వాలు మీద పెట్టి విప్పారు. ఎండుగడ్డి, శరభయ్య మఫ్లరు నూలు, వాటి మధ్య అటుకులు. బెల్లం పొడి. అంచున కుంకుమ అంటిన కొబ్బరిముక్క.

శరభయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది... నేను నిన్న పెట్టిందే. అద్దం సందులోంచి లోపలికి జారినట్లుంది." దానిమీది కుంకుమ తుడుస్తూ, "ఎలుకలు పోవాలని నిన్న ఎక్కువే పెడితి" అన్నాడు. హైమావతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

"అది సరే" అన్నారు వామనాచారి గారు. "తమ్ముణ్ణి రోజూ ఎట్లా మన్నిస్తావో ఒకసారి నాకూ వినిపించు."

ఇప్పుడా ఈ గోల అని శరభయ్యకు ఒళ్లు మండింది. అయినా గురువు మాట. కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. "దేవుడా, దోవలో ఉండా, వస్తాండా అని ఫోన్‌లో మొత్తుకున్నా ఆగకుండా నాయనకు తలకొరివి పెట్టినాడు, వాణ్ణి మన్నిస్తి. పదో దినం నా మొగం చూసి ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి పోయినాడు, మన్నిస్తి. నాయన చేతికర్ర నన్నడక్కుండా వాడింట్లో పెట్టుకున్నాడు, మన్నిస్తి! వాని పెండ్లాం నలుగుర్లో నన్ను..." గొంతు పెరిగింది. మెడ నరాలు ఉబ్బాయి. జోడించిన చేతులు ఎప్పుడు పిడికిళ్లయ్యాయో ఆయనకే తెలియదు.

"రోజూ ఇదంతా చెప్తావా?"

"ఒక్కటి విడిచినా దేవుని ముందర అబద్ధమాడినట్లు కాదా అయ్య..." అంటూ కళ్లు తెరిచాడు. ఎదురుగా తువ్వాలు మీద అటుకులున్నాయి. వాటినే చూస్తూ, బిగిసిన పిడికిళ్లు విప్పేశాడు.

వామనాచారి గారు ఆ గడ్డినీ గింజలనూ మూటగట్టి దూరంగా పొదల్లో వదిలేసి వచ్చారు. ఈలోగా శరభయ్య వైర్లు కలిపాడు. బానెట్ మూశాక అలవాటుగా చెయ్యి అటుకుల సంచీ మీదికి పోయింది. కానీ ఈసారి ఆ సంచీ తీసి హైమావతమ్మకు ఇచ్చేశాడు. ఒట్టి దండం పెట్టి తాళం తిప్పితే జీపు గుర్రుమంది.

సీట్లో కూర్చున్నాక కూడా బ్రేకు వదలబుద్ధి కాలేదు. "అయ్యవారూ, పందిట్లో వాడు ఎదురుపడితే ఏమని మాట్లాడాల నేను?"

"నువ్వేం వెతుక్కోనక్కర్లేదు. 'అన్నా, తిన్నావా' అని వాడే అడుగుతాడు" అన్నారు వామనాచారి గారు. "తినలేదని చెప్పు."